తాతగారైన బాఖ్

సంగీతము నేర్చుకొను పిల్లలకు జోహాన్ సెబాస్టియన్ బాఖ్ పేరు క్రొత్తది కాదు. శ్రమదినములయందు క్రైస్తవలోకము పాడుకొను పురాతన రాగములు కొన్నిటికి నాలుగు గొంతుల మేళవింపు కూర్చినవాడు ఆయనయే. ఆయన ఆర్గను వాయించిన నేర్పును గూర్చియు, రాజసభలో చూపిన ప్రజ్ఞను గూర్చియు పెక్కుమంది వ్రాసియున్నారు. మేమిచ్చట ముఖ్యముగా చెప్పబూనినది ఆ కథ కాదు. పదియేండ్లు నిండకముందే తల్లిదండ్రులను పోగొట్టుకొన్న ఒక బాలుడు, మనుమలను చూచుకొను ముదిమివరకు ఎట్లు నడిపింపబడెనో దానిని చెప్పవలెనని మా కోరిక. సెలవులకు వసతిగృహపు పిల్లలు ఇండ్లకు పోవు దినమున, బస్సు ఆగుచోట ప్రొద్దుటినుండి కనిపెట్టుకొనియుండు తాతలను, అమ్మమ్మలను మేము ఏటేట చూచుచున్నాము. వారిని చూచినప్పుడెల్ల మాకు బాఖ్ జ్ఞాపకమునకు వచ్చును.

జర్మనీ దేశమున తురింగియ ప్రాంతములో ఐసెనాఖ్ అను పట్టణము కలదు. దాని పైకొండమీద వార్ట్‌బుర్గ్ కోట యున్నది. మార్టిన్ లూథరు 1521, 1522 సంవత్సరములలో దాగియుండి క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి తర్జుమా చేసినది ఆ కోటలోనే. ఆ పట్టణమున 1685వ సంవత్సరము మార్చి 21వ తేదీని బాఖ్ జన్మించెను. తండ్రి ఆంబ్రోసియస్ పట్టణపు వాద్యగాడు. ఎనమండుగురు సంతానములో సెబాస్టియన్ కడసారివాడు. లూథరు బాల్యమున చదువుకొనిన పాఠశాలలోనే ఇతడును చదువుకొనెను.

ఆ వంశమువారికి సంగీతము కులవృత్తి వంటిది. వారి మూలపురుషుడు వైట్ బాఖ్ అను రొట్టెలు కాల్చువాడు. తన మతవిశ్వాసము నిమిత్తము హంగరీ దేశమును విడిచి తురింగియకు వచ్చి స్థిరపడెనట. పిండి ఆడించుటకు మరకు పోవునప్పుడు చిన్న తంత్రీవాద్యమును వెంట గొనిపోయి, తిరుగలి చప్పుడుకు తాళము తప్పకుండ వాయించుకొనుచుండెడివాడట. అతని సంతతి ఊరూర ఆర్గను వాయించువారై, బాకా ఊదువారై వ్యాపించెను. ఏడాదికొకసారి వారందరు ఒకచోట కూడుకొను వాడుక యుండెను. ముందుగా ఒక దైవకీర్తన పాడి, పిమ్మట హాస్యపు పాటలను ఒకదానిపై నొకటి కలిపి అప్పటికప్పుడు కల్పించి పాడుచు, కడుపుబ్బ నవ్వుకొనెడివారని బాఖ్ చరిత్రను మొదట వ్రాసిన ఫోర్కెల్ అను నాతడు తెలిపియున్నాడు. కీర్తనయు నవ్వును ఒకే గదిలో ఇమిడిన ఆ కూటములను మేము మిక్కిలి మెచ్చుకొందుము. భక్తిగల ఇంట నవ్వు వినబడరాదని తలంచువారు మనలో ఇప్పటికిని లేకపోలేదు.

1694 మే నెలలో బాఖ్ తల్లి మరణించెను. తండ్రి ఆ సంవత్సరాంతముననే మరల వివాహమాడెను గాని, 1695 ఫిబ్రవరి 20వ తేదీని ఆయనయు కన్నుమూసెను. తొమ్మిది నెలలలో ఇల్లు చెదరిపోయెను. పదియవ యేడు ఇంకను పూర్తికాని సెబాస్టియన్, ఓర్‌ద్రుఫ్ అను ఊరిలో ఆర్గనువాదకుడుగా నున్న పెద్దన్న ఇంటికి చేరెను. అన్న చెప్పవలసిన పాఠములు చెప్పెనే గాని, తన యొద్దనున్న గొప్పవారి కృతుల వ్రాతప్రతిని మాత్రము బీరువాలోపెట్టి తాళమువేసెను. బాలుడు దాని కమ్ముల సందున చేయి దూర్చి, పుస్తకమును చుట్టి పైకి లాగి, దీపము లేనందున వెన్నెల రాత్రులయందు ఆరునెలలపాటు దానికి నకలు వ్రాసికొనెను. అన్న కనిపెట్టి ఆ నకలును లాగికొనెను. ఈ కథను బాఖ్ తన పిల్లలకు చెప్పియుండుటచేతనే అది లోకమునకు తెలిసినది. అన్నను ఆయన నిందింపలేదు. యౌవనమున తాను కూర్చిన కృతి యొకటి ఆ అన్నకే అంకితము చేసెనని కూడ చెప్పుదురు.

పదునైదేండ్ల ప్రాయమున లూనెబుర్గ్ పట్టణపు గాయకబృందములో చేరి తన పొట్ట తాను పోసికొనెను. 1705లో బుక్స్‌టెహూడె అను పెద్ద విద్వాంసుని వాద్యము వినుటకై అర్న్‌స్టాట్ నుండి ల్యూబెక్ వరకు, రెండువందల మైళ్లకు పైబడిన దూరము, కాలినడకను పోయెను. నాలుగు వారముల సెలవు పుచ్చుకొని నాలుగు నెలలు నిలిచిపోయినందుకు సంఘపెద్దలు సంజాయిషీ అడిగిరి. విద్యార్థులు ఇందులో నడకను మాత్రమే ఆదర్శముగా గైకొందురు గాక.

1707 అక్టోబరు 17వ తేదీని తన వంశపు కన్యయే యైన మరియ బార్బరాను వివాహమాడెను. ఆమెకు ఏడుగురు బిడ్డలు పుట్టిరి. వారిలో ముగ్గురు శైశవముననే పోయిరి. 1720 వేసవిలో బాఖ్ తన ప్రభువైన కోతెన్ రాజకుమారుని వెంట కార్ల్స్‌బాడ్ నీళ్ల ఊటలకు వెళ్లి తిరిగివచ్చి గడప త్రొక్కునప్పటికి, తాను ఆరోగ్యముగా విడిచివెళ్లిన భార్య చనిపోయి, సమాధి చేయబడి యుండెను. జబ్బుపడిన వార్తయే ఆయనకు అందలేదు. ఇంట నలుగురు తల్లిలేని పిల్లలు మిగిలిరి. తల్లిలేనితనమెట్టిదో ఆ తండ్రికి ఒకరు చెప్పవలసినది లేదు. మరుసటి సంవత్సరము డిసెంబరు 3వ తేదీని అన్నా మగ్దలేనా అను గాయనిని పెండ్లియాడెను. ఆమె ఆ నలుగురిని పెంచి, తాను పదుముగ్గురను కనెను.

1723లో బాఖ్ లైప్సిగ్ పట్టణమున పరిశుద్ధ తోమా పాఠశాలలో సంగీతోపాధ్యాయుడై, చనిపోవువరకు 27 సంవత్సరములు అచ్చటనే యుండెను. మేమును ఉపాధ్యాయులమగుటచేత ఈ భాగమును కొంత మమకారముతో చదివితిమి. కాపురము పాఠశాల భవనములోనే; గోడ కావలి ప్రక్క ఏబదిమందికి పైగా వసతి పిల్లలు. నాలుగు వారములకొక వారము వారిని నిద్రలేపి, ప్రార్థన జరిపి, భోజనమువేళ కనిపెట్టియుండుట ఆయన వంతు. లాటిను పాఠములు చెప్పుట కూడ ఆ యుద్యోగపు విధియే గాని, ఆ పనిని సొంత డబ్బిచ్చి వేరొకరికి అప్పగించెను. పై అధికారులతో ఆయనకు పొసగిన దినములు తక్కువ.

అట్టి యింట ఎప్పుడు చూచినను రాకపోకలే. శిష్యులు, చుట్టములు, దారిన పోవు గాయకులు, ఎవ్వరు లైప్సిగ్ వచ్చినను బాఖ్ ఇంటికి రాక పోరు. ఆ యిల్లు పావురాల గూడు వలె నుండెడిదని కుమారుడు ఎమానుయేల్ పిమ్మట వ్రాసెను. 1730లో బాఖ్ ఒక చిన్ననాటి స్నేహితునికి వ్రాసిన జాబులో, జీతము చాలదనియు, పై అధికారులు అర్థము చేసికొనరనియు పెక్కు సంగతులు మొరపెట్టుకొని, కడపట తన బిడ్డలందరు పుట్టుగాయకులే యనియు, ఇంటివారితోనే ఒక కచేరి జరుపవచ్చుననియు మురిసిపోవును. జాబంతయు ఫిర్యాదు, ముగింపు మాత్రము సంతోషము.

అయినను ఆ జాబు వ్రాసిన కాలమెట్టిది? 1726 మొదలు 1733 వరకు ఆ యింటినుండి ఏడు చిన్న శవపేటికలు వెడలెను. మూడేండ్ల బిడ్డ, నాలుగేండ్ల బిడ్డ, ఒక దినపు బిడ్డ. ఆదివారపు ఆరాధనకు సంగీతము సిద్ధపరచవలసిన పని ఏ వారమును ఆగలేదు. మొత్తము ఇరువదిమంది సంతానములో పదిమంది మాత్రమే పెరిగి పెద్దవారైరి.

ఈ దుఃఖములో ఆయన దేనిని ఆనుకొనెను? ఆయన కృతుల వ్రాతప్రతులు చూచినచో పెక్కింటి తలకట్టున యేసు సహాయమును వేడుకొను రెండక్షరములును, చివర దేవునికే మహిమ యని అర్థమిచ్చు మూడక్షరములును ఉండును. లూథరు తర్జుమాకు కలోవ్ అను పండితుడు వ్యాఖ్యానము చేర్చిన మూడు సంపుటముల పరిశుద్ధ గ్రంథము ఆయన యొద్ద ఉండెను. అది 1934లో అమెరికాలో మిచిగాన్ రాష్ట్రమున ఒక ఇంట బయటపడెను. దానిపై బాఖ్ తన పేరును 1733 అను సంవత్సరమును వ్రాసికొనెను. ఇద్దరు బిడ్డలను భూస్థాపితము చేసిన సంవత్సరమది. పుటల అంచులయందు ఆయన స్వహస్తముతో వ్రాసిన టిప్పణములు కలవు. దినవృత్తాంతముల రెండవ గ్రంథము అయిదవ అధ్యాయమున, గాయకులు ఏకముగా పాడగా మందిరము మేఘముతో నిండిన చోట, భక్తిగల సంగీతము జరుగు తావున దేవుడు తన కృపతో సన్నిధియై యుండునను భావమును వ్రాసికొనెను. ఏడు బిడ్డలు పోయిన యింట పాట ఎందుకు మానలేదో తెలియగోరువారు ఆ పుటను చూడవలెను.

1735లో, ఏబదియేండ్ల వయస్సున, ఆయన కూర్చుండి తన వంశావళిని వ్రాసెను. రొట్టెలవాడైన వైట్ మొదలుకొని 53 మంది పురుషుల పేర్లు అందున్నవి. తల్లిదండ్రుల ఒడి చాలకాలము దొరకనివాడు తాతముత్తాతలను వెదకి వరుసగా నిలుపుకొనుట మాకు వింతగా తోచదు. అయితే ఆ పట్టికలోని పేరొకటి త్వరలోనే ఆయన హృదయమును గాయపరచెను. మూడవ కుమారుడు బెర్నార్డ్ తండ్రి సిఫారసుతో దొరికిన ఉద్యోగమున అప్పులపాలై, 1738లో ఎవ్వరికి చెప్పక పారిపోయెను. బాఖ్ ఆ ఊరివారికి వ్రాసిన జాబు తప్పిపోయిన కుమారుని తండ్రి వ్రాతయే. బ్రతిమాలుటయు, దండించుటయు, సహాయము చేయుటయు ఫలింపలేదనియు, ఇక తన సిలువను ఓర్పుతో మోయుచు, బిడ్డను దేవుని కనికరమునకు విడువవలసినదేననియు దాని భావము. ఉపమానములోని కుమారుడు తిరిగివచ్చెను, ఇతడు రాలేదు. 1739 మే నెలలో యేనా పట్టణమున ఇరువదినాలుగేండ్లకే జ్వరముచే మరణించెను.

ఆ తరువాతి దినములలో ఇంటి సంగతులను, షువైన్‌ఫుర్ట్ నుండి వచ్చి 1737 మొదలు 1742 వరకు వారి యింట నుండి పిల్లలకు చదువు చెప్పిన ఎలియాస్ అను దాయాది జాబులనుండి ఎరుగుదుము. అన్నా మగ్దలేనాకు పూలతోట యనిన ప్రాణము. ఆమె కొరకు ఆతడు ఆరు పసుపుపచ్చని కార్నేషను మొక్కలు తెప్పించి యిచ్చెను. పిల్లలు క్రిస్మసు బహుమానములను చూచుకొనుదానికంటె మిన్నగా ఆమె వాటిని చూచుకొనుచుండెనని వ్రాసెను. చక్కగా పాడుటకు తర్ఫీదైన ఒక చిన్న పిట్టను కూడ ఆమెకొరకు ఒక స్నేహితుని అడిగెను. 1741లో బాఖ్ కుమారుని చూచుటకు బెర్లిను వెళ్లియుండగా ఆమె మిక్కిలి జబ్బుపడెను. త్వరగా రావలసినదని జాబుమీద జాబు వ్రాసినదియు ఎలియాసే. ఈమారు వార్త అందెను, తల్లియు బ్రదికెను.

ఎమానుయేల్ అప్పటికి ప్రష్యా రాజైన ఫ్రెడరిక్ ఆస్థానమున వాద్యగాడు. 1744లో బెర్లినులో పెండ్లి చేసికొనెను. 1745 నవంబరు నెలాఖరున అతనికి తొలి కుమారుడు జోహాన్ ఔగుస్ట్ కలిగెను. బాఖునకు పౌత్రుడు! కాని ఆ నెలాఖరుననే ప్రష్యా సైన్యము లైప్సిగ్ పట్టణమును ఆక్రమించెను. కుమారునికి జీతమిచ్చు రాజు తండ్రి ఊరికి శత్రువయ్యెను. మనుమడు ఆవలి గట్టున, తాత ఈవలి గట్టున. క్రిస్మసు దినమున సంధి జరిగెను గాని, తాత ప్రయాణమగుటకు ఇంకను ఏడాదికి పైగా పట్టెను. అప్పుడు బాఖ్ కడగొట్టు కుమార్తె రెగీనాకు మూడేండ్లు. మూడేండ్ల మేనత్త మన పల్లెలలో వింత కాదు, అచ్చటను కాకపోయెను.

1747 మే నెలలో, అరువదిరెండేండ్ల వయస్సున, పెద్దకుమారుడు ఫ్రీడెమన్‌ను తోడు తీసికొని బాఖ్ ప్రయాణమాయెను. ఆ కాలపు బండిలో దాదాపు నూరు మైళ్లు. మే 7వ తేదీ సాయంకాలము పోట్స్‌డామ్ నగరున ఫ్రెడరిక్ రాజు వేణువు వాయింపబోవుచు, ఊరికి వచ్చిన పరదేశుల పట్టిక చూచి, ముసలి బాఖ్ వచ్చెనని సభవారితో చెప్పి, వెంటనే పిలిపించెనట. ప్రయాణపు బట్టలు మార్చుకొనుటకైన వ్యవధి లేకపోయెను. రాజు ఒక స్వరక్రమము నియ్యగా దానిపై అప్పటికప్పుడు ఒక ఫ్యూగు కల్పించి వాయించెను. ఇంటికి వచ్చిన పిమ్మట దానినే విస్తరించి, జూలై 7వ తేదీని రాజునకు అంకితము చేసి అచ్చువేయించెను.

ఈ కథను చెప్పువారందరు రాజుతో మొదలిడి రాజుతో ముగింతురు. మాకు మాత్రము ఆ ప్రయాణములో మరియొక యిల్లు కనబడుచున్నది. బాఖ్ పోట్స్‌డామ్ నుండి బెర్లిను నగరమునకును పోయెను. అచ్చటి నాటకశాలను ఆయనకు చూపించిన ఎమానుయేల్ ఒక సంగతి చెప్పియున్నాడు. దాని భోజనశాల పైకప్పును ఒక్కసారి పరికించి, ఒక మూల గోడవైపు తిరిగి గుసగుసలాడినచో ఎదుటి మూలవానికి మాత్రమే వినబడునని బాఖ్ చెప్పెనట. పరీక్షింపగా అట్లే యుండెను. కొడుకు చేయి పట్టుకొని ఊరు చూపించు వయస్సు వచ్చెనన్న మాట. కోడలు గర్భవతియై యుండెను. సెప్టెంబరులో ఆమెకు కుమార్తె పుట్టెను. ఔగుస్టుకు ఏడాదిన్నర. ఆ యేట తాత ఒడిలో వాడు ఎక్కి కూర్చుండెనని ఎవ్వరు వ్రాసిపెట్టలేదు. రాజుగారి సంగీతసభకు వార్తాపత్రికలు కలవు. మనుమని చూచిన గదికి పత్రిక లేదు. అయినను తాత అంత దూరము పోయి, మనుమని చూడక తిరిగెనని నమ్ముటకు మేము సిద్ధముగా లేము.

మరుసటి యేట 1748 సెప్టెంబరులో ఎమానుయేలుకు మరల కుమారుడు కలిగెను. వానికి తాతగారి పేరే జోహాన్ సెబాస్టియన్ అని పెట్టిరి. ఆ యేటనే ముసలివాని యింట పెండ్లిపనులు మొదలాయెను. కుమార్తె లీష్యెన్ అను ఎలిజబెతును తన శిష్యుడైన ఆల్ట్‌నికోల్‌కు ఇచ్చుటకు నిశ్చయమాయెను. అంతకుముందు జూలైలోనే నౌంబుర్గ్ పట్టణమున ఆతనికి ఆర్గనువాదకుని పని యిప్పింపుడని అచ్చటి సభవారికి బాఖ్ జాబులు వ్రాసెను. శిష్యుడని చెప్పెనే గాని అల్లుడు కాబోవుచున్నాడని చెప్పలేదు! నవంబరు 2వ తేదీని ఎలియాసునకు వ్రాసిన జాబులో, దూరమైనను పెండ్లికి రావలెనని పిలిచి, రాలేకపోయినచో క్రైస్తవాశీర్వాదమునైనను పంపవలెనని కోరెను. ఆ జాబు తోకలో ఒక నవ్వు సంగతి కలదు. ఎలియాసు పంపిన ద్రాక్షారసపు పీపా దారిలో కుదుపులకు మూడవ వంతు ఒలికిపోయి చేరెనట. బండివానికి, సుంకరికి, తలుపుకాడ అందించినవానికి ఇచ్చిన చిల్లర లెక్కవేయగా, ఒక్కొక్క కొలతకు దాదాపు అయిదు గ్రోషెను పడెననియు, బహుమానమునకు ఈ వెల హెచ్చనియు, ఇక పంపవద్దనియు లెక్కతోసహా వ్రాసెను. ఇంత గొప్పవాడు పైసలు లెక్కించెనా యని నవ్వువారు పెండ్లిపెద్దలు కానివారే.

1749 జనవరి 20వ తేదీని వివాహము జరిగెను. అక్టోబరులో నౌంబుర్గున దౌహిత్రుడు పుట్టెను. వానికిని జోహాన్ సెబాస్టియన్ అనియే బాప్తిస్మమిచ్చిరి. కాని ఆ పసివాడు ఎక్కువ కాలము బ్రదుకలేదు. తాను మోసిన భారము ఇప్పుడు కుమార్తె మోయుట ఆ ముసలివాడు చూడవలసివచ్చెను.

అప్పటికే ఆయన చూపు మందగించుచుండెను. బాఖ్ జీవించియుండగనే, 1749 జూన్ నెలలో, ఆయన తరువాతి ఉద్యోగికి పట్టణపువారు పరీక్ష జరిపిరి. 1750 మార్చి, ఏప్రిల్ నెలలలో టేలర్ అను ఇంగ్లీషు కంటివైద్యుడు రెండుమారులు శస్త్రము చేసెను. చూపు రాకపోగా ఒంటిబలము కూడ పోయెను. చీకటిలో కూర్చుండి, దేవుని సింహాసనము ఎదుటికి వచ్చుచున్నానను అర్థము గల కీర్తనరాగమునకు స్వరములు చెప్పుచుండగా అల్లుడు ఆల్ట్‌నికోల్ వ్రాసికొనెనని పూర్వులు చెప్పుదురు. జూలైలో ఒక ఉదయమున అకస్మాత్తుగా కండ్లు తెరపిచ్చి, వెలుతురును చూడగలిగెను. ఇంటివారి ముఖములు ఆ కొద్ది గంటలు మరల ఆయనకు కనబడెను. అంతలోనే పక్షవాతము తగిలి జ్వరము వచ్చెను. 22వ తేదీని ఇంటివద్దనే ప్రభు రాత్రి భోజనము పుచ్చుకొనెను. 28వ తేదీ సాయంకాలము ఎనిమిది గంటలు దాటిన పిమ్మట ప్రశాంతముగా ప్రభువునందు నిద్రించెను. తొమ్మండుగురు బిడ్డలు మిగిలిరి.

పిమ్మటి సంగతులు కొన్ని బాధకరములు. అన్నా మగ్దలేనా పేదరికమున ధర్మద్రవ్యముచే జీవించి 1760లో మరణించెను. బెర్లినులో తాత పేరు పెట్టబడిన మనుమడు చిత్రకారుడై, 1778లో రోము నగరమున ముప్పదియేండ్లు నిండకముందే చనిపోయెను. బాఖ్ కూర్చిన గొప్ప శ్రమగానములు ఆయన ఊరిలో తప్ప వినబడుట అరుదాయెను. చాలకాలమునకు బెర్లినులో ఒక నాయనమ్మ వంటి అమ్మమ్మ, బెల్లా సాలొమోన్ అను నామె, మత్తయి సువార్త ప్రకారమైన శ్రమగానమునకు నకలు వ్రాయించి తన మనుమడైన ఫేలిక్స్ మెండెల్‌సోన్‌కు బహుమానమిచ్చెను. ఆ బాలుడు 1829 మార్చి 11వ తేదీని, ఇరువదియేండ్ల వయస్సున, దానిని బెర్లిను ప్రజలకు వినిపించెను.

ఆ మెండెల్‌సోన్ పూనికచేతనే లైప్సిగున తోమా పాఠశాల ప్రక్క బాఖునకు ఒక స్మారకస్తంభము కట్టబడెను. 1843 ఏప్రిల్ 23వ తేదీని దానిని ఆవిష్కరించిరి. ఆ సభకు తలనెరసిన వృద్ధుడొకడు భార్యతోను కుమార్తెలతోను వచ్చెను. బాఖ్ వంశమువాడొకడు ఇంకను జీవించియున్నాడని ఎరుగని జనులు ఆశ్చర్యపడిరి. ఆయన బాఖ్ కుమారులలో ఒకడైన క్రిస్టోఫ్ ఫ్రీడ్రిఖునకు 1759లో, తాత చనిపోయిన తొమ్మిదియేండ్లకు, పుట్టిన విల్‌హెల్మ్ బాఖ్. తాత చూడని ఆ మనుమడు, ఎనుబదిమూడేండ్ల వయస్సున, తాతగారి రాతివిగ్రహము ఎదుట నిలువబడి పిల్లల పాట వినుచుండెను.